ముప్పై ఆరు పిన్నులు

1984 ఫిబ్రవరి 6, సోమవారం

ఈ డైరీ గుండప్ప ఇచ్చిపోయాడు. బెంగళూరు మనిషి, సఫారీ సూటు, మూడు ఉంగరాలు. "మేస్త్రీ, కొత్త సంవత్సరం గిఫ్టు" అన్నాడు. ఫిబ్రవరిలో కొత్త సంవత్సరం ఏమిటో ఆయనకే తెలియాలి. అట్ట మీద విమానం బొమ్మ ఉంది. పట్టు వ్యాపారం చేసేవాళ్ళు విమానాల్లో తిరుగుతారు కాబోలు.

పన్నెండు పిన్నులు కావాలట. చిటికెన వేలంత లావు, ఆరు పలకల తల, చివర నట్టు పట్టే మరలు, తీగ దూర్చడానికి సన్నని రంధ్రం. పట్టుదారం తీసే రీలింగ్ మిషన్‌కు. ఒక్కో పిన్నుకు పన్నెండు రూపాయలు ఇస్తాడు. రాడ్డు కూడా ఆయనే తెచ్చాడు. చూసి చేయమని ఒక పాత పిన్ను ఇచ్చాడు. చేతిలోకి తీసుకోగానే ఒళ్ళు ఝల్లుమంది. బంగారు గనుల వర్క్‌షాపులో ముప్పై నాలుగేళ్ళు లేత్ తిప్పాను, అంత నునుపైన పని చూడలేదు. ఎవడో తెల్లవాడు చేసి ఉంటాడు.

వాడికంటే బాగా చేయాలి. రిటైరైన ఈ మూడేళ్ళలో వసారాలోని నా లేత్‌కు దక్కిన పని ఏమిటి? చెరుకు మిషన్ గేరు, ఇడ్లీ కుక్కర్ కాలు. ఛీ.

ఫిబ్రవరి 9

మా ఆవిడ సొన్నమ్మ కాఫీ ఇస్తూ పిన్ను చూసింది. "దారం తీసేదానికి ఇంత నున్నగా యాలయ్యా?" అంది. పట్టు సున్నితమైనదే అన్నాను. "మా పుట్టింట్లో పురుగులు మేపినాం, గూళ్ళు కట్టించినాం, రీలింగ్ షెడ్లో మూడేండ్లు కూలికి పోయినా. ఇట్లాంటి పిన్ను నేను యాడా చూడలా" అంది.

తన పుట్టిన ఊరు బూదికోటలో లేదంటే లోకంలోనే లేదని ఆమె లెక్క.

ఫిబ్రవరి 11

రీలింగ్ మిషన్‌కే.

ఫిబ్రవరి 18, శనివారం

పన్నెండూ ఇచ్చేశాను. గుండప్ప జేబులోంచి మైక్రోమీటర్ తీసి ఒక్కొక్కటీ కొలిచాడు. కొలిచాడు! నా పనిని! వర్క్‌షాపులో ఇంగ్లీషు ఫోర్‌మన్ కూడా నా పని కళ్ళతో చూసి పక్కన పెట్టేవాడు. పట్టు వ్యాపారి జేబులో మైక్రోమీటర్ ఎందుకు ఉందని ఆ కోపంలో అడగడం మరిచాను.

"రాడ్డు మెత్తగా ఉండాదప్పా. టూల్ పెడితే వెన్న మాదిరి కోసుకొనిపోతా ఉండాది" అన్నాను.

"పట్టుదారం బరువెంత మేస్త్రీ?" అన్నాడు.

నిజమే. ఇంకో ఇరవై నాలుగు చేయమన్నాడు.

మార్చి 10

ఇరవై నాలుగూ అయిపోయాయి, ఇచ్చేశాను. మొత్తం ముప్పై ఆరు. ఈ చేతులకు ఇంకా ముసలితనం రాలేదు. ఆ తెల్లవాడెవడో నా పిన్ను చూస్తే టోపీ తీసేవాడు.

మార్చి 20, మంగళవారం

బంగారం తీశాక మిగిలిన మట్టి పోసిన సైనైడ్ దిబ్బల పక్క మైదానంలో విమానం దిగింది. రాబర్ట్‌సన్‌పేట మొత్తం అక్కడికి పరుగెత్తింది. నేను నడిచే వెళ్ళాను, కానీ తొందరగా నడిచాను.

దిగినవాడు తెల్లవాడేమీ కాదు. టేకల్ రైతు కొడుకు బచ్చప్ప. ముప్పై ఎనిమిదేళ్ళుంటాయి. మిలిటరీలో విమానాలు నడిపి వచ్చి, మామిడితోట అమ్మి, ఏదో ఫ్లయింగ్ క్లబ్బు వేలంలో ఈ రెండు సీట్ల పాత విమానం కొన్నాడట. సినిమా కాగితాలు పైనుంచి చల్లుతాడు, ఎలక్షన్ కాగితాలు చల్లుతాడు, గుడి తేరు మీద పూలు చల్లుతాడు. ఏప్రిల్ ఏడున ముళబాగిలు తేరుకు పూలు చల్లడానికి ఒప్పుకున్నాడు. ఊళ్ళో అందరూ కెప్టెన్ అంటున్నారు. వాళ్ళమ్మ మాత్రం 'తోట అమ్మేసినోడు' అంటుందట. అది కూడా తనే చెప్పి నవ్వాడు. ఆ నవ్వుకే నచ్చాడు నాకు.

తోకలో ఒక పిన్ను బిగుసుకుపోయిందట, తీసిపెట్టే మనిషి కావాలన్నాడు. అందరూ నన్ను చూపించారు. తీశాను. అరిగిపోయి ఉంది. చిటికెన వేలంత లావు. ఆరు పలకల తల. చివర రంధ్రం.

లోకంలో ఒకదాన్ని పోలినవి ఎన్నో ఉంటాయి.

"ఇది ఏం చేస్తాదప్పా?" అని అడిగాను.

"తోకలో ఈ రెక్క ఉండాదే, దీన్ని పట్టుకొని ఉండేది ఇదే మామా. ఇది పైన తెగితే మూతి ఇంగ లేయదు. నేరుగా భూమమ్మ వొడిలోకే."

కొత్తది ఫారిన్ నుంచి రావాలంటే మూడువేలు, రెండు నెలలు పడుతుందట. బెంగళూరులో ఒకాయన దగ్గర స్టాకు ఉందట, కాగితాలతో సహా రెండువేల నాలుగువందలు. నేను చేసిస్తానన్నాను. ఆయన నా భుజం తట్టాడు. "మామా, ఇది ఇమానం. చెరుకు మిషన్ గాదు."

చెరుకు మిషన్ సంగతి ఆయనకు ఎవరు చెప్పారో కనుక్కోవాలి.

మార్చి 27, మంగళవారం

బచ్చప్ప బెంగళూరు నుంచి వచ్చి నేరుగా మా వసారాలోకి వచ్చాడు. చిన్న అట్టపెట్టె. లోపల దూది. దూది మీద పిన్ను. పైన ఇంగ్లీషు స్టిక్కరు, కింద ముద్ర వేసిన కాగితం. "చూడు మామా, ఫారిన్ ఫినిషింగ్ అంటే ఇదీ. ఇది మన చేతుల్లో వస్తాదా?"

వేలితో తడిమాను. తలకింద రెండు గీతలు తగిలాయి, వెంట్రుకంత సన్నవి. మా వర్క్‌షాపులో ప్రతి టర్నరుకూ ఒక గుర్తు ఉండేది. నాది ఆ రెండు గీతలు. ఎవరూ పెట్టమనకపోయినా చేతులు వాటంతట అవే పెట్టేస్తాయి.

పైన తళతళలాడే పూత పూయించారు. అంతే తేడా.

"ఎవురి దగ్గర కొన్నావప్పా?"

"గుండప్ప అని, పెద్ద మనిషి మామా. కాఫీ కూడా ఇప్పించినాడు."

రెండువేల నాలుగువందలు! నాకు పన్నెండు! నాకు కాఫీ కూడా లేదు! ఫారిన్ ఫినిషింగ్ అట. ఆ మాట బచ్చప్ప నాలుగుసార్లు అన్నాడు. నాలుగుసార్లూ నాకు లోపల పొంగింది, పొంగినందుకు సిగ్గేసింది.

అన్నం సయించలేదు. ధర వల్లే.

మార్చి 29

చెప్పాలి. ఆయన సోమవారం పొద్దున ట్రయల్ వేస్తాడు. ఇంకా నాలుగు రోజులు ఉన్నాయి.

మార్చి 30

బెంగళూరులో గుండప్ప దాన్ని కొలిమిలో కాల్చి గట్టిపరిచి ఉండవచ్చు. పెద్ద ఊరు, అన్ని వసతులూ ఉంటాయి. ఆ రాడ్డు ఎంత కాల్చినా గట్టిపడే రకం కాదని నాకు తెలుసు అనుకో. అయినా వాళ్ళ దగ్గర ఏదైనా కొత్త పద్ధతి ఉండవచ్చు.

చెబితే పోలీసులు అంటారు. పోలీసులు వస్తే పించను ఆపుతారు. ముప్పై నాలుగేళ్ళ సర్వీసులో నాకు ఒక్క మెమో లేదు.

మార్చి 31, శనివారం

సొన్నమ్మ రాగిముద్ద నా ముందు పెట్టి తను కూడా ఎదురుగా కూర్చుంది. ఆమె అలా కూర్చుందంటే లేవడం నా చేతిలో ఉండదు.

"ఆ పిన్ను నీదేనా?"

"యే పిన్ను?"

"నాలుగు దినాలనుంచీ ముద్ద నమలకుండానే మింగతా ఉండావు. నీదేనా?"

చెప్పేశాను. ఆమె తిట్టలేదు. తిట్టి ఉంటే బాగుండేది. "పించను పోతే రాగిసంకటి తింటాం, ఇప్పుడేమో బిర్యానీ తిన్నట్టు. ఆ పిల్లోడు పోతే వాళ్ళమ్మకు ఏమని చెప్తావయ్యా? రీలింగ్ మిషన్ అని చెప్తావా?"

ఏప్రిల్ 2, సోమవారం

సుత్తి, ఒక ఇనుప గొట్టం ముక్క పసుపు సంచిలో వేసుకొని మైదానానికి వెళ్ళాను. బచ్చప్ప పిన్ను అరచేతిలో పెట్టుకొని గ్రీజు పూస్తున్నాడు.

"రా మామా. ఉగాది దినం ట్రయల్ వేస్తా ఉండానని టెంకాయ తెచ్చినావా?"

"సుత్తి తెచ్చినాను. అప్పా, ఆ పిన్ను నేనే చేసినాను. మెత్త ఇనుము. ఎక్కొద్దు."

గ్రీజు డబ్బా జారిపోయేంతగా నవ్వాడు. "ఏం మామా, నువ్వు చేసిస్తానంటే వద్దన్నానని ఇంగా కోపమా?" కాగితం తీసి ముద్ర చూపించాడు, సంతకం చూపించాడు. "నీ దగ్గర ఏమన్నా కాగితం ఉండాదా?"

"తలకింద రెండు గీతలు ఉండాయి చూడు. అవి నావి."

చూశాడు. "ఔను, ఉండాయి. కంపెనీ గుర్తు."

మూడో మరలో టూల్ కొంచెం తక్కువ దిగింది, అక్కడ పట్టినట్టు ఉంటుంది, నట్టు పెట్టి తిప్పి చూడమన్నాను. తిప్పాడు. "భలే మామా, బిగువు కోసం కంపెనీవాళ్ళు ఎంత ఆలోచించి పెట్టినారో చూడు."

ఇలా అరగంట. నా పనిని నేను తిట్టడం, ఆయన వెనకేసుకురావడం. "దీన్ని చేసినోడి చేతులకు మొక్కాల" అన్నాడు చివరికి. నా జన్మలో నన్ను ఇంతగా ఎవరూ పొగడలేదు. ఆ పొగడ్త తప్పని నిరూపించి నేను ఆయనను చావకుండా ఆపాలి. ఇక నాకు మండిపోయింది.

"ఒగసారి ఇట్లియ్యి" అన్నాను. ఇచ్చాడు, పాపం. గనుల కంపెనీ కాలం నుంచి అక్కడే పడి ఉన్న రోడ్డు రోలర్ రాయి మీద గొట్టం పెట్టి, పిన్నును అందులో సగం దాకా దూర్చి, పైకి తేలిన సగం మీద ఒకటే దెబ్బ వేశాను. మురుకులాగా వంగింది.

"రెండువేల నాన్నూరు!" అని బచ్చప్ప అరిచిన అరుపుకు మైదానంలో మేకలు బెదిరాయి. నా చొక్కా పట్టుకున్నాడు. వదిలాడు. పిన్ను తీసుకొని, స్పానర్‌తో పట్టి నెమ్మదిగా వెనక్కి వంచాడు. పుటుక్కున రెండు ముక్కలైంది.

రెక్క కింద నేల మీద కూర్చున్నాడు.

"నిన్ననే ఎగరాల అనుకున్న్యా మామా. గాలి ఎక్కువుండాదని ఆపినా" అన్నాడు. తర్వాత అడిగాడు: "యాల చేసినావు?"

"రీలింగ్ మిషన్‌కని."

ఆ మాట బయటికి అన్నాక నాకే వినబుద్ధి కాలేదు.

ఏప్రిల్ 3

పిన్ను చేస్తున్నాను. ఈసారి ఇనుము నాది. రిటైరైన రోజు ఫోర్‌మన్ ఇచ్చిన ఉక్కు ముక్క, గనిలో మనుషులను దింపే కేజ్‌ను వేలాడదీసే కొక్కేలకు వాడే రకం. ఒక్క ట్రిప్పులో నలభై మంది దాని మీద ప్రాణం పెట్టి దిగేవాళ్ళు. ఒక టూల్ విరిగింది. కష్టంగా ఉంది. సంతోషంగా ఉంది.

ఏప్రిల్ 5, గురువారం

పిన్ను అయింది. బచ్చప్ప వసారాలో కూర్చొని తన చేతులతోనే అదే సుత్తితో ఇరవై దెబ్బలు వేశాడు. సుత్తి పిడి ఊడింది, పిన్ను వంగలేదు.

"బాగుండాది మామా. కానీ దీనికి కాగితం?"

ఇక్కడ నా నోరు నన్ను ముంచింది. "కాగితం యాలప్పా? మా గని షాఫ్టులో కాగితం లేదు. కేజ్‌కు కొత్త కొక్కెం వేస్తే, దాన్ని చేసినోడు మొదటి ట్రిప్పులో నిలబడాల. అదే కాగితం."

బచ్చప్ప ముఖం వెలిగిపోయింది. "సరే అయితే. ఎల్లుండి తేరుకు మొదటి ట్రిప్పు. ముందు సీటు నీదే."

నేను ఎనిమిది వేల అడుగుల లోతుకు దిగినవాణ్ణి, దేనికీ భయపడలేదు. పైకి మాత్రం, టెంకాయ చెట్టును తలెత్తి చూసినా కళ్ళు తిరుగుతాయి. మా ఇంటి పెంకులు సర్దేది సొన్నమ్మ.

సరిగ్గా అప్పుడే గుండప్ప దిగాడు, చంకలో రాడ్లు, యాభై పిన్నులకు ఆర్డరు. బచ్చప్పను చూసి నిలబడిపోయాడు. బచ్చప్ప ఎంతో మర్యాదగా లేచి, రెండు ముక్కలైన పిన్ను ఆయన చేతిలో పెట్టాడు.

"రా అన్నా. ఇది అమ్మింది నువ్వు, చేసింది మామ, ఎక్కేది నేను. ఇట్లాంటిదే ఇంగొకటి తెచ్చుకో, ముగ్గురమూ ఒగసారి పైకి పోయొద్దాం."

బస్సుకు టైమైందన్నాడు గుండప్ప. సఫారీ సూటులో అంత వేగంగా పరుగెత్తే మనిషిని నేను చూడలేదు. రాడ్లు ఇక్కడే పారేశాడు. సొన్నమ్మ వాటితో చిక్కుడు తీగకు పందిరి వేసింది.

ఏప్రిల్ 6

కడుపునొప్పి. నిజంగానే. సొన్నమ్మ నా తెల్లచొక్కా ఇస్త్రీ చేస్తూ పాట పాడుతోంది.

ఏప్రిల్ 7, శనివారం

ఎక్కాను.

ముందు సీటులో నేను, నా ఒళ్ళో ఒక బుట్ట, కాళ్ళ దగ్గర రెండు బుట్టలు, అన్నిటి నిండా బంతిపూలు. ముఖం మాత్రమే బయటికి కనబడుతోందట. ఎవరో శవయాత్రలాగా ఉందన్నారు. సొన్నమ్మ వాళ్ళను తిట్టిన తిట్లు ఇంజను మోతలో కూడా వినిపించాయి.

నేల వదిలిన క్షణంలో నాకు తెలిసిన దేవుళ్ళందరినీ పిలిచాను. తెలియనివాళ్ళను కూడా పిలిచాను. కళ్ళు గట్టిగా మూసుకున్నాను. "మామా, పూలు!" అని వెనకనుంచి అరుపు వినబడగానే బుట్టన్నర ఎత్తి విసిరేశాను. "ఇంగా తేరు రాలేదు మామా! లారీలు!" అని అరిచాడు. కళ్ళు తెరిచి చూశాను. ముళబాగిలు లారీ స్టాండు పచ్చగా అయిపోయింది. డ్రైవర్లు టాపుల మీదికెక్కి రెండు చేతులూ ఎత్తి దండాలు పెడుతున్నారు. వాళ్ళకు ఇంతకుముందు ఎవరు పూలు చల్లారు పాపం.

రెండో చుట్టులో తేరు మీదే పడ్డాయి. ముప్పాతిక భాగం.

భయం గురించి రాయాలి. ఇది ఎవరూ చదవరు కదా. తేరు దాటగానే బచ్చప్ప విమానం మూతి పైకి లేపాడు. ఎవరో నన్ను సీటులోకి అదిమి తొక్కినట్టయింది, పొట్ట కిందికి జారింది. ఆ బరువంతా తోకలో చిటికెన వేలంత ముక్క మీద ఉందని నా వెన్నెముకకు తెలిసింది. లేపిన ప్రతిసారీ తెలిసింది. లేత్ ముందు నిలబడినప్పుడు నేను కొలతలే చూశాను, నునుపే చూశాను. దాని మీద ఒక మనిషి కూర్చుంటాడని చూడలేదు. చూడలేదనడం కూడా అబద్ధమే. చూడదలచుకోలేదు.

దిగాక జనం నన్ను భుజాల మీద ఎత్తుకోబోయారు. మళ్ళీ ఎత్తా, వద్దన్నాను. బచ్చప్పను పక్కకు పిలిచి అడిగాను.

"ఈ పిన్ను పట్టే ఇమానాలు మన పక్క ఎన్ని ఉండాయప్పా?"

"చానా ఉండాయి మామా. క్లబ్బుల్లో అన్నీ ఇవే. పిల్లోళ్ళు ఎగరనేర్చుకునేది వీటి మీదే."

ఏప్రిల్ 8

చేసినవి ముప్పై ఆరు. విరిగింది ఒకటి.

ఏప్రిల్ 9, సోమవారం. బెంగళూరు, విమానాల ఆఫీసు, వరండా బెంచీ.

మొదటి బస్సుకే వచ్చాము, నేనూ బచ్చప్పా. గుమాస్తా కోలారు పక్క మనిషే. కంప్లయింటు అంటే ఒక ఫారం ఇచ్చాడు. కంప్లయింటు ఇచ్చేవారి పేరు అన్నచోట నంజుండప్ప, రిటైర్డ్ టర్నర్ అని రాశాను. ఎవరి మీద అన్నచోట గుండప్ప అని రాసి, దాని పక్కన నంజుండప్ప, రిటైర్డ్ టర్నర్ అని మళ్ళీ రాశాను.

గుమాస్తా చదివి నవ్వాడు. "పెద్దాయనా, తప్పు రాసినారు. ఇది ఇచ్చేవాళ్ళ చోటు, అది తప్పు చేసినోళ్ళ చోటు. రెండు చోట్లా ఒగే పేరు ఉండేకి లేదు. ఒగటి కొట్టేయండి." పెన్ను నా చేతికి ఇచ్చాడు.

పెన్ను మూత తీశాను. కిందిది కొట్టేస్తే పించను నాది, మంచిపేరూ నాదే. బచ్చప్ప నన్ను చూడకుండా గోడమీద మ్యాపు చూస్తున్నాడు. ఒక్క మాట అని ఉంటే కొట్టేసేవాణ్ణేమో.

పెన్ను తిరిగి ఇచ్చేశాను. "రెండూ ఉండనీప్పా. చేసింది నేనే, చెప్పేదీ నేనే."

గుమాస్తా తల గోక్కుంటూ ఫారం లోపలికి తీసుకుపోయాడు. ఒక నిమిషం కూడా కాలేదు, ఆఫీసరు తనే బయటికి వచ్చాడు. నా పేరు అడగలేదు, ఊరు అడగలేదు. "ఎన్ని?" అన్నాడు.

"ముప్పై ఐదు ఇంగా ఉండాయి స్వామీ."

ఆయన కుర్చీలో కూర్చోకుండానే ఫోను తిప్పాడు.

అప్పటినుంచి ఇక్కడే ఉన్నాము. గుండప్ప షాపుకు జీపు పంపారు. ఒక్కో క్లబ్బుకూ ఫోను వెళుతోంది, విమానాలు నేల మీదే ఆపండి, తోక విప్పి చూడండి అని. ఫోను పెట్టినప్పుడల్లా గుమాస్తా తలుపు దగ్గరికి వచ్చి ఒక అంకె చెప్పి పోతున్నాడు. షాపులో దొరికినవి పద్నాలుగు. తర్వాత పదిహేడు అన్నాడు. తర్వాత ఇరవై రెండు. నా మీద ఏం రాస్తారో, ఇంటికి పంపుతారో లేదో చెప్పలేదు. నేనూ అడగలేదు.

సొన్నమ్మ కట్టిచ్చిన ముద్ద విప్పలేదు. బచ్చప్ప కూడా తిననన్నాడు.

ఇప్పుడే ఇరవై ఆరు అన్నాడు.